వెనక తాడు పట్టే మనిషి

సరుకుల కొట్టు దొరల్లారా, ఆమెని మీరే చంపారు.

బ్రేకు లేని బండిని ఆడమనిషి సైకిలు వెనక తగిలించి, దాని నిండా పిండి బస్తాలు పేర్చి, వాలు రోడ్డు వైపు వేలు చూపించింది మీరు. ఆ బండికి నిగనిగలాడే ఆకుపచ్చ రంగు వేసి, బ్రేకు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముడుచుకున్న ఫ్యాక్టరీ వాళ్ళకీ ఇందులో వాటా ఉంది. "ఇంకా రాలేదేం?" అని గుమ్మంలో నిలబడి ఫోను మీద ఫోను చేసే అయ్యగార్లకీ అమ్మగార్లకీ ఉంది. ఇంతమంది కలిసి చేసిన పనిని తీసుకెళ్ళి ఇద్దరు తోడికోడళ్ళ తగాదా కింద జమకట్టేశారు. పెద్దకోడలు పంతం కొద్దీ చిన్నకోడల్ని చంపుకుందని టీ కొట్టు దగ్గర కూడా చెప్పుకుంటున్నారు. ఏం జరిగిందో ముందు వినండి. ఎవరు చంపారో తర్వాత మీరే చెబుదురుగాని.

ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్ళు. మోకాళ్ళు పట్టేసి మంచం మీంచే ఇల్లు నడిపించే అత్తగారు, ఆమె కోడళ్ళిద్దరు. కొడుకులిద్దరూ లారీల మీద లోడింగు పనికి పోయారు. ఇంటి మొహం చూసేది ఎప్పుడో ఒకసారి. ఉన్నది ఒక్కటే గది. కోడళ్ళిద్దరూ కలిసే కొట్టులో పనికి చేరారు, కలిసే సైకిలు నేర్చుకున్నారు, కలిసే మోకాళ్ళు పగలగొట్టుకున్నారు.

కొట్టు వాళ్ళు అప్పుడే వ్యాన్లు మానేసి సైకిళ్ళు పెట్టారు. సందుల్లోకి వ్యాను దూరదు, దూరినా తిరగదు. సైకిలైతే ఎక్కడికైనా పోతుంది. సైకిలు వెనక రెండు చక్రాల తొట్టి బండి. దాని ముందు పొడుగాటి ఇనుప కడ్డీ. కడ్డీ కొసని సీటు కింద కొక్కేనికి పెట్టి చీల దూరిస్తే బండి సైకిలుకి తోకలా అతుక్కుంటుంది. అందుకే తొక్కేవాళ్ళందరూ దాన్ని తోకబండి అంటారు. కొట్టు గోడ మీద పెద్ద బొమ్మ ఒకటుంది. బుగ్గలు మెరిసే పిల్ల ఒకతె నవ్వుతూ సైకిలు తొక్కుతుంటుంది. వెనక తోకబండిలో ఆకుకూరలు, పూలగుత్తులు. కింద "పొగ లేదు, చప్పుడు లేదు" అని రాత.

"పొగ లేదట! నా రొమ్ములోంచి వచ్చేదేంటి మరి?" అనేది పెద్దకోడలు, ఆ బొమ్మ ముందు నుంచి పోయినప్పుడల్లా.

"ఆ పిల్ల వెనక నాలుగు నూనె డబ్బాలు పెట్టు అక్కా, ఆ పళ్ళు ఎక్కడ దాచుకుంటుందో చూద్దాం," అనేది చిన్నకోడలు.

ఆకుకూరలు, పూలు మోసిన రోజు వాళ్ళ బతుకులో లేదు. పిండి బస్తాలు, నూనె డబ్బాలు, నీళ్ళ క్యాన్లు, బంగాళాదుంపల గోతాలు, బట్టలుతికే మిషన్లు, ఒకసారి ఇనుప బీరువా తలుపు. ఇంకోసారి ఒకమ్మగారు తన ముసలి కుక్కని పశువుల డాక్టరు దగ్గరికి దాంట్లోనే పంపింది. వాలు దగ్గరికి రాగానే ఆ కుక్క లేచి నిలబడి ఒకటే మొరుగుడు. "కొట్టు మొత్తానికి బుర్రున్నది దీనికొక్కదానికే," అని చిన్నకోడలు దాని వీపు నిమిరింది.

ఆ వాలు గురించి చెప్పాలి. గోదాము గుట్ట మీద ఉంది. సరుకులు కొనేవాళ్ళు గుట్ట కింద మేడల్లో ఉంటారు. మధ్యలో తిన్నగా కిందికి పడే రోడ్డు. దాని పేరు దిగుడు. దిగుడు కొసన బస్సులు తిరిగే పెద్ద రోడ్డు అడ్డంగా ఉంటుంది. సైకిలుకున్న బ్రేకు సైకిల్ని ఆపుతుంది, మహా అయితే దాని మీద మనిషిని ఆపుతుంది. మనిషికి రెండింతల బరువున్న తోకబండిని అది ఆపలేదు. ఎక్కేటప్పుడు మనం బండిని లాగుతాం. దిగేటప్పుడు బండి మనల్ని తరుముతుంది. బండికి సొంత బ్రేకు ఉండాలి. లేదు. అడిగితే, "వస్తుంది, ఆర్డరు పెట్టాం," అన్నారు. ఆ మాట అన్న మేనేజరు వెళ్ళిపోయి కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనా అదే మాట అన్నాడు.

బ్రేకు రాలేదు గనక తొక్కేవాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి తోకబండి వెనకా ఒక తాడు. తాడు కొసన చెయ్యి జారకుండా పెద్ద ముడి. దిగుడు పైన మొదటి మనిషి ఆగుతుంది. వెనక వచ్చే మనిషి తన బండి చక్రానికి రాయి అడ్డం పెట్టి వచ్చి, ముందు బండి తాడు అందుకుని రెండుసార్లు గుంజుతుంది. అంటే, పట్టుకున్నాను, ఇక పద అని. ముందు మనిషి సీటు మీద కూర్చుని మెల్లగా బ్రేకు వదులుతుంది. వెనక మనిషి మడమలు నేలకి తన్నిపెట్టి, తాడు బిగబట్టి, ఒక్కో అడుగే దిగుతుంది. కింద చేరాక ఇద్దరూ మళ్ళీ ఎక్కొచ్చి రెండో బండిని అలాగే దింపుతారు. అడగడాలూ బతిమాలడాలూ లేవు. వెనక ఎవరుంటే వాళ్ళు పడతారు. కిందటేడు తొక్కేవాళ్ళలోనే ఇద్దరు జుట్లు పట్టుకుని కొట్టుకున్నారు, అయినా దిగుడు రాగానే ఒకడి తాడు ఒకడు పట్టాడు.

మన కోడళ్ళ తగాదా కిటికీ గురించి. చిన్నకోడలు గదిని రెండు చేస్తూ పాత దుప్పటొకటి తెర కట్టింది. కట్టడం కట్టడం, ఉన్న ఒక్క కిటికీ తన వైపు పడేట్టు కట్టింది.

"గాలి కూడా నీ పేర రాయించుకున్నావా?" అంది పెద్దకోడలు.

"నీ నోట్లోంచి వచ్చే గాలి చాల్లే అక్కా ఇంటికంతటికీ," అంది చిన్నకోడలు.

అంతే. మాటలు పోయాయి. పోయాయంటే నోరు మూసుకున్నారని కాదు, మధ్యలో ఎవరో ఒకరిని పెట్టుకుని మాట్లాడటం మొదలెట్టారు.

"అత్తయ్యా, ఆవిడకి చెప్పండి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని."

"అత్తయ్యా, ఆవిడకి చెప్పండి, నాకూ రెండు కళ్ళున్నాయని."

"నేనేం టెలిఫోను తీగనా?" అని అత్తగారు మంచం మీంచి అరిచేది. "ఒకతె ఈ కొసన, ఒకతె ఆ కొసన! మధ్యలో పాలు పొంగిపోయాయి, తగలెయ్యండి!"

అత్తగారు లేనిచోట ఎవరు దొరికితే వాళ్ళతో చెప్పించారు. ఎవరూ దొరక్కపోతే, "ఓ బండీ, పక్కకి జరగమని చెప్పు," అని పెద్దకోడలు బండితో అంటే, "ఓ గోడా, చోటు చాలకపోతే సన్నబడమని చెప్పు," అని చిన్నకోడలు గోడతో అనేది. చూసేవాళ్ళకి నవ్వే నవ్వు. దిగుడు దగ్గర మాత్రం పని ఆగలేదు. పెద్దకోడలు తాడు అందుకుని రెండుసార్లు గుంజేది, చిన్నకోడలు బ్రేకు వదిలేది. ఒక్క తేడా. ఇదివరకు చిన్నకోడలు వెనక్కి తిరిగి చూసి, "పట్టావా అక్కా?" అనేది. ఇప్పుడు మెడ తిప్పడం మానేసింది. తిరిగి చూస్తే తనే దిగొచ్చినట్టవుతుంది కదా!

ఈలోగా కొట్టు వాళ్ళు తొక్కేవాళ్ళందరికీ ఫోన్లిచ్చారు. ఎవరెక్కడున్నారో ఆఫీసులో తెర మీద చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. దిగుడు మీద ఎప్పుడు చూసినా రెండు చుక్కలు అతుక్కుని పాకుతున్నాయి. ఒక సరుకు దగ్గర రెండు చుక్కలేమిటని పైవాళ్ళకి కడుపు మండింది. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు షికారు చేస్తున్నారనుకున్నారు. చుక్కకి చెమట పట్టదు, చుక్క మడమలు అరగవు. ఇకమీదట ఎవరి దారి వాళ్ళదేనని హుకుం వేశారు. ఆఫీసు వదిలి వచ్చి దిగుడు ఎలా ఉందో చూసిన పాపాన ఒక్కడూ పోలేదు.

ఆ హుకుం గోదాముకి చేరిన పొద్దున గేటు దగ్గర ఉన్నది ఈలాయన. మెడలో ఈల వేలాడేసుకుని బండ్లు పంపించే సూపర్‌వైజరు. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. చిన్నకోడలి బండి ముందు గేటు దాకా పోయింది, ఆమె వంగి టార్పాలిను బిగిస్తోంది. వెనకాలే పెద్దకోడలు రాబోతే ఈలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెద్దక్కా, ఆగు. నీది వెనక గేటు."

"వెనక గేటా? ఎందుకు?"

"మెట్ల సందు వైపు సరుకు. ఇవాళ్టి నుంచి ఎవరి దారి వాళ్ళది. పైనుంచి చెప్పారు."

"మరి దిగుడు దగ్గర తాడెవరు పడతారు?"

"సైకిలుకి బ్రేకుల్లేవా?"

"నువ్వు తొక్కావా ఎప్పుడైనా?"

"నాకెందుకు తొక్కడం? నాకు ఈలుంది," అని నవ్వాడు.

పెద్దకోడలు ముందు గేటు వైపు చూసింది. చిన్నకోడలి వీపు కనిపిస్తోంది. పిలిస్తే పలికేంత దూరం. ఒక్క కేక చాలు. ఇల్లంతా దద్దరిల్లేలా అరవగల గొంతు ఆమెది. ఆ గొంతులోంచి ఆ పేరు రాలేదు.

"ఆవిడకి చెప్పు, నేను రావడం లేదని," అంది ఈలాయనతో.

"ఎవరికి?"

"ఆవిడకే."

"అబ్బ, మీ గోల మీది! సరే, చెప్తాలే, నువ్వు కదులు."

ఈలాయన నాలుగడుగులు అటువైపు వేశాడు కూడా. పెద్దకోడలు చూసింది. చెప్తాడనుకుని బండి తిప్పుకుంది. అతని జేబులో ఫోను మోగింది. పైవాళ్ళు. మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి తిరిగి ఆఫీసు గదిలోకి పోయాడు. చెప్పాల్సిన మాట అతని నోట్లోనే ఉండిపోయింది.

మెట్ల సందులో నీళ్ళ క్యాను భుజానికెత్తుకుంటుండగా పెద్దకోడలికి గంట వినిపించింది. సైకిలు గంట. చిన్నకోడలి గంట ఆమెకి తెలుసు. మాటలు పోయాక అదే ఆమె నోరు, దారిలో తనని దాటిపోయేటప్పుడు ఎగతాళిగా రెండుసార్లు కొట్టేది. ఇది అలా లేదు. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా మోగుతోంది. జనాన్ని తప్పుకోమంటోంది. తర్వాత ఆగిపోయింది.

క్యాను ఎక్కడ పడేసిందో ఆమెకి తెలియదు. పరుగెత్తింది.

దిగుడు కొసన బస్సు ఆగి ఉంది. దిగేవాళ్ళ కోసం అంతకుముందే ఆగిన బస్సు. చిన్నకోడలు ఎవరినీ గుద్దలేదు, గంట కొట్టి అందర్నీ తప్పించింది. తప్పుకోలేనిది బస్సొక్కటే. సైకిలు దాని పక్కకి కొట్టుకుంది, వెనకనున్న తోకబండి సరుకు బరువంతటితో వచ్చి ఆమెని బస్సుకేసి అదిమేసింది. నూనె డబ్బా పగిలింది. పిండి బస్తా చిట్లి రోడ్డంతా తెల్లబడింది. బంగాళాదుంపలు దొర్లిపోతున్నాయి, వాటి వెంట ఒకాయన సంచి పట్టుకుని పోతున్నాడు. ఇంకొకడు ఫోనెత్తి బొమ్మ తీస్తున్నాడు. బండి లేపడానికి ముందుకొచ్చింది బస్సు డ్రైవరూ పెద్దకోడలూ ఇద్దరే.

మొహమంతా పిండి. పెద్దకోడలు కొంగుతో తుడిచింది. తుడిచినకొద్దీ కొంగు ఎర్రబడుతోంది.

"ఏమే! ఏమే అమ్మాయ్! ఇటు చూడు!"

చిన్నకోడలు కళ్ళు తెరిచింది. చూసింది. మధ్యలో ఎవరూ లేకుండా ఆమెతోనే మాట్లాడింది.

"పట్టుకున్నావనుకున్నా అక్కా. గుంజావు కదా... రెండుసార్లు. బ్రేకు వదిలినా బండి కదల్లేదు. పంతానికి బిగపట్టావనుకున్నా. ఉండు నీ పని చెప్తానని... గట్టిగా తొక్కాను."

"నేను కాదే. నేను లేనే అక్కడ."

ఆ మాట ఆమె విన్నదో లేదో చెప్పేవాళ్ళు లేరు. ఆసుపత్రి బండి వచ్చేసరికి ఆ బండితో పని లేకుండా పోయింది.

అందరూ పోయాక పెద్దకోడలు తోకబండి వెనక తాడు చేత్తో పట్టుకుని చూసింది. కొసన ముడి లేదు, పీచు పీచుగా తెగి ఉంది. దిగుడు ఎక్కింది. బండ్లు ఆగే చోట మురుగు కాలవ మీద ఇనుప జాలీ ఉంది. ముడి ఆ జాలీ సందులో ఇరుక్కుని ఉంది. నేల మీద ఈడ్చుకొచ్చిన తాడు అక్కడ చిక్కుకుంది. బండి కాస్త ముందుకి జరిగినప్పుడు ఒకసారి బిగిసింది, వెనక్కి ఒరిగి మళ్ళీ జరిగినప్పుడు ఇంకోసారి. మనిషి గుంజినట్టే. వెనక్కి ఒక్కసారి తిరిగి చూసుంటే జాలీ కనిపించేది. మనిషి లేదని కనిపించేది. చిన్నకోడలు తిరగలేదు. పెద్దకోడలు పిలవలేదు. మధ్యలోవాడు చెప్పలేదు. పెద్దకోడలు ఆ కాలవ గట్టు మీద కూలబడి, ఏడుపు రాక, ఇనుప జాలీని పిడికిలితో గుద్దింది. చేతి తోలు లేచింది. జాలీకి ఏమీ కాలేదు.

చిన్నకోడలి మొగుడు లారీ దిగి తిన్నగా గోదాముకే వచ్చాడు. దుమ్ము కూడా దులుపుకోలేదు. గేటు దగ్గరే ఈలాయన అతనికి చెప్పాల్సింది చెప్పేశాడు. వాళ్ళిద్దరికీ పడదు కదా, తాడు పట్టలేదు అని. తనకి అప్పగించిన మాట సంగతి మాత్రం మింగేశాడు. మరిది ఇంటికొచ్చి వదిన ఎదుట నిలబడ్డాడు.

"వదినా, తాడు వదిలేశావా?"

"పట్టుకుంటే కదయ్యా వదలడానికి. నేనక్కడ లేను. వేరే గేటుకి తోలేశారు."

"మరి దానికి చెప్పొద్దా?"

"చెప్పమని ఆ ఈలాయనకి చెప్పాను."

"నీకు నోరు లేదా?"

అత్తగారు మంచం మీంచి లేవలేక, దుప్పటి పిడికిట్లో నలుపుతూ అంది: "నన్ను టెలిఫోను తీగని చేసినప్పుడే మీ ఇద్దరి చెంపలూ పగలగొట్టాల్సింది. నవ్వి ఊరుకున్నాను. నా నోట్లో మన్ను పడ!"

"నా చెంప ఉంది అత్తయ్యా, ఇప్పుడు కొట్టండి," అంది పెద్దకోడలు.

"కొడితే అది వస్తుందా?"

మరిది గోడకి తిరిగి పడుకున్నాడు. మూడు మెతుకులైనా ఎవరి గొంతూ దిగలేదు.

చావు పనులు ముగిశాక కొట్టు నుంచి కబురొచ్చింది. గోదాములో అద్దాల గది. లోపల చల్లగా ఉంది. పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి గొంతు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఇన్నాళ్ళూ ఆ గదిలో ఆమెని కూర్చోమన్నవాళ్ళు లేరు.

"చాలా బాధాకరం అమ్మా. మాకూ ఇంట్లో ఆడవాళ్ళున్నారు. మీ ఇద్దరి మధ్య మాటలు లేవట?"

"లేవు."

"చూశారా! అదే. ఇది మీ ఇంటి విషయం. మీరు కూడా అదే మాట చెబితే గొడవ ఉండదు. ఆమె మీ మీద కోపంతో, మీ కోసం ఆగకుండా, తొందరపడి దిగింది. అంతే కదా?"

"ఆగింది. ఆగింది గనకే తాడు చిక్కుకుంది."

"అవన్నీ ఎందుకమ్మా ఇప్పుడు? మిమ్మల్ని లోపల ప్యాకింగు పనిలో వేస్తాం. ఎండ లేదు, వాన లేదు, దిగుడు లేదు. పోయినామె ఎలాగూ రాదు."

పెద్దకోడలికి ఆ మాట చెప్పెయ్యాలనిపించింది. అబద్ధమెందుకు చెప్పాలి, నిజంగానే అనిపించింది. ఇంట్లో ఎలాగూ హంతకురాల్ని చేశారు, కనీసం నీడపట్టునైనా బతకొచ్చు. తలూపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. చొక్కాయన ఆమె తల వైపే చూస్తున్నాడు.

అప్పుడు ఆమె అద్దంలోంచి బయటికి చూసింది. ముందు గేటు దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి నిలబడి ఉంది. ఆమె సైకిలు వెనక తోకబండి. ఒక పక్క రేకు సొట్ట పడి, సుత్తితో కొట్టి సాపు చేసినట్టుంది. సొట్ట మీద కొత్త ఆకుపచ్చ రంగు, ఇంకా తడిగా మెరుస్తోంది. మూలల్లో పిండి గట్టిపడి అంటుకుని ఉంది, సరిగ్గా కడగలేదు. చిన్నకోడల్ని బస్సుకేసి నొక్కిన బండే అది. ఆ అమ్మాయి నీళ్ళ క్యాన్లు ఎక్కిస్తోంది. వెనక తాడు లేదు. తాడెందుకని తీసేశారు కాబోలు. వెనక మనిషీ లేదు. ఈలాయన ఈల నోట్లో పెట్టుకున్నాడు.

పెద్దకోడలు లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"అమ్మా, మాట పూర్తి కాలేదు..."

ఆమె అప్పటికే బయట ఉంది. కేక వేసింది. ఆ రోజు వెయ్యాల్సిన కేక, ఎవరిచేతా చెప్పించకుండా తన గొంతుతోనే వేసింది.

"అమ్మాయ్! కదలకు! దిగు! సైకిలు దిగు!"

ఆ అమ్మాయి బెదిరి దిగింది. పెద్దకోడలు అక్కడున్న తన తోకబండిని తెచ్చి గేటుకి అడ్డంగా పెట్టింది. ఈలాయన ఈల వేశాడు. మళ్ళీ వేశాడు. వెనక బారు కట్టిన బండ్ల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ మూగారు. చొక్కాయన గది గుమ్మంలోకి వచ్చి, "ఆమె మనసు బాగాలేదు, ఎవరైనా పక్కకి తీసుకెళ్ళండి," అన్నాడు. ఎవరూ కదల్లేదు.

"నా మనసు బాగాలేదు, నిజమే," అంది పెద్దకోడలు. "నేను పిలవలేదు. అది నా తప్పే, కాదన్నదెవరు? నేను పోయేదాకా మోస్తాను దాన్ని. ఇంట్లో వాళ్ళు తిడితే పడతాను, కొడితే పడతాను. నువ్వు నాకు చెప్పు బాబూ. తోడికోడళ్ళు అలగరా? అత్తాకోడళ్ళు అలగరా? నువ్వూ నీ పెళ్ళాం అలగరా? నువ్వు నీ పెళ్ళాంతో మాట్లాడని రోజున మీ ఇంట్లో ఎవరైనా చస్తున్నారా? ఒక మనిషి అలిగితే ఇంకో మనిషి చచ్చే బండి మాకెందుకిచ్చావు?"

ఎవరో వెనక నుంచి, "చెప్పు సారూ," అన్నారు.

"ఇది మా ఇంటి విషయం అంటున్నావు. బండి మా ఇంటిదా? దిగుడు మా ఇంటిదా? తాడు పట్టే మనిషిని తీసెయ్యమన్న నోరు మా ఇంటిదా? ఇదుగో, ఈ ఈలాయనకి చెప్పమన్నాను. మర్చిపోయాడు. మనిషి కదా, ఫోనొస్తే మర్చిపోతాడు. మేం అలుగుతాం, మర్చిపోతాం, అలిసిపోతాం. బ్రేకు అలగదు."

ఈలాయన ఈల వదిలేశాడు. నేల చూపులు చూస్తూ, "నాకు చెప్పింది. నేను చెప్పలేదు," అన్నాడు. మెల్లగానే అన్నాడు గాని అందరికీ వినపడింది. మరిదికి మాత్రం వినపడలేదు. అతను ఆ పొద్దున్నే లారీ ఎక్కి వెళ్ళిపోయాడు, వదిన మొహం చూడకుండానే. ఆ మాట ఇంటికి చేరినా ఆ ఇల్లు మళ్ళీ ఇల్లవుతుందని నేను చెప్పను. అవదు.

చొక్కాయన గొంతులో మెత్తదనం పోయింది. "పోలీసులు వస్తారు, ఉద్యోగాలు పోతాయి. అడ్డం తియ్యండి."

"రానీ. వాళ్ళని కూడా ఈ బండి కట్టుకుని దిగుడు దిగమను," అంది పెద్దకోడలు. కొత్తమ్మాయి తన బండి తెచ్చి ఆమె బండి పక్కన అడ్డంగా పెట్టింది. తర్వాత ఇంకొకరు. తర్వాత ఇంకొకరు.

ఈ మాట మీరు చదువుతున్నప్పుడు కూడా వాళ్ళు ఆ గేటు దగ్గరే ఉన్నారు. ఎండలో ఉన్నారు. మీ పిండి, మీ నూనె, మీ నీళ్ళు ఆ బండ్లలోనే ఉన్నాయి. రాలేదని కొట్టుకి ఫోను చెయ్యండి. చేసి, సరుకు ఏమైందని కాదు, బ్రేకు ఏమైందని అడగండి. వాళ్ళు అడిగేది జాలి కాదు, దండలు వెయ్యడం కాదు, ప్యాకింగులో నీడ కాదు. ప్రతి తోకబండికీ దాని సొంత బ్రేకు బిగించండి. బిగించేదాకా దిగుడు మీద ప్రతి బండి వెనకా ఒక మనిషిని పెట్టండి, ఆ మనిషికి కూడా పని చేసినట్టే కూలి ఇవ్వండి. చిన్నకోడలు పంతానికి చచ్చిందని ఎక్కడెక్కడ చెప్పారో అక్కడికల్లా వెళ్ళి, మేమే చంపామని మీ నోటితో చెప్పండి. రేపు కాదు, ఆర్డరు పెట్టాం అనొద్దు. ఇవాళే. ఆ గేటు తెరిచే ముందే.